బొమ్మ సినిమాకు సొంత అవార్డు ఏది?

71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో 'హను-మాన్' ఉత్తమ ఏవీజీసీ చిత్రమైంది. తెలుగువాళ్లుగా సంతోషించాం. ప్రశాంత్ వర్మ బృందం శ్రమ మీద మాకే ఫిర్యాదూ లేదు. మా బాధ ఆ విభాగంతోనే. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ అన్నిటినీ ఒకే గాటన కట్టి, కథాచిత్రాల్లో యానిమేషన్‌కు విడిగా ఉండిన అవార్డును అందులో కలిపేశారు. 2006 సంవత్సరానికి బి. సత్య తెలుగులో తీసిన 'కిట్టు' గెలుచుకున్నది ఆ అవార్డే. కొత్త విభాగంలో మొదట 'బ్రహ్మాస్త్ర' గెలిచింది, మరుసటేడు 'హను-మాన్'. రెండూ నటులను కెమెరా ముందు నిలబెట్టి తీసినవే.

ఇప్పుడన్నీ కంప్యూటర్ మీదే కదా, వేరు చేయడమెందుకని కొందరంటారు. మగ్గం ఒకటైనంత మాత్రాన నేత ఒకటి కాదని కోడుమూరు నేతగాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విజువల్ ఎఫెక్ట్స్‌లో నటుడు ముందే ఉన్నాడు. అతని చుట్టూ మంటలు, కొండలు చేరుస్తారు. యానిమేషన్‌లో ముందు ఏమీ లేదు. సెకనుకు 24 ఫ్రేములు. రెప్ప ఎప్పుడు వాలాలో, అడుగు ఎంత బరువుగా పడాలో ఒక మనిషి తేల్చుకుంటేనే బొమ్మకు ప్రాణమొస్తుంది.

ఈ విద్య సీమకు కొత్తది కాదు. మేకతోలును వెలుగు పారేదాకా గీకి, రంగులద్ది, నగలున్న చోట చిల్లులు కొట్టి, కీళ్ల దగ్గర దారంతో కట్టి, తెరవెనక దీపం పెట్టి తెల్లవార్లూ రామాయణం నడిపించినవాళ్లు మన తోలుబొమ్మలాటగాళ్లు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. అక్కడ జర్మనీలో లొటే రైనిగర్ నల్ల అట్టను కత్తిరించి, కీళ్లు కట్టి, గాజుపలక మీద పరిచి, కిందినుంచి వెలుగిచ్చి, ఒక్కో కదలికనూ ఒక్కో ఫ్రేముగా పట్టి 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' తీసింది. 1926 నాటి ఆ సినిమా డిస్నీ 'స్నో వైట్' కంటే 11 ఏళ్లు పెద్దది. నేటికి మిగిలిన యానిమేషన్ కథాచిత్రాల్లో అన్నిటికన్నా పాతది. తోలుబొమ్మ జనం ముందు ఆడుతుంది, రైనిగర్ బొమ్మ ఫ్రేముల్లో ఆడుతుంది. ఊపిరి లేనిదానికి నడక నేర్పడం రెండుచోట్లా ఒకటే.

ఆ విద్యకు ఇవాళ దిక్కులేదా? హైదరాబాదులో పుట్టిన ఛోటా భీమ్ 2008 నుంచి దేశమంతా పిల్లలకు చుట్టం. అదే ఏడాది సింగీతం శ్రీనివాసరావు గారు 'ఘటోత్కచ్' తీశారు. మన అహోబిలంలో వెలసిన స్వామి కథతో 2025లో వచ్చిన 'మహావతార్ నరసింహ' మన దేశపు యానిమేషన్ చిత్రాలన్నిటినీ వసూళ్లలో దాటేసింది. జనం టికెట్టు కొని గౌరవించిన కళకు ప్రభుత్వ అవార్డుల్లో సొంత పీట లేకపోవడం అవమానం. దాన్ని సౌలభ్యమని సమర్థించుకోవడం ఇంకా పెద్ద అవమానం. 2025 చిత్రాలను తూచేటప్పుడు ఆ నరసింహుణ్ని నటుల గ్రాఫిక్స్ యుద్ధాలతో ఒకే తక్కెడలో వేస్తారా?

మేం అడిగేవి రెండే. కథాచిత్రాల్లో యానిమేషన్ అవార్డును దాని పేరుతోనే తిరిగివ్వండి. ఆ తీర్పు చెప్పేవారిలో తోలుబొమ్మ ఆడించిన కళాకారుడొకరికి కుర్చీ వేయండి. బొమ్మలో ప్రాణముందో లేదో ఆ చేతులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.