మెట్టుంటే ఇల్లు, ర్యాంపుంటే కబ్జా

మా గల్లీ పేరు రాయడం లేదు. ఆ ఆఫీసు పేరూ రాయడం లేదు. రాస్తే మా భాయీజాన్ గడప మీదికి ఇంకో కాగితం వస్తుంది. ఆ భయం మాకుంది, ముందే ఒప్పుకుంటున్నాం.

భాయీజాన్ మా ఖాలా కొడుకు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. రెండు కాళ్లూ పనిచేయవు. గల్లీ మొదట్లో గడియారాలు బాగుచేసే చిన్న డబ్బా ఉంది. దాని మీదే బతుకు. సర్కారోళ్లు ఒకసారి మీటింగు పెట్టి, దండలేసి, ఫోటో దిగి మూడు చక్రాల సైకిలు ఇచ్చారు. ఆ సైకిలు మీదే పొద్దున డబ్బాకు పోతాడు, సాయంత్రం ఇంటికొస్తాడు.

2020 అక్టోబర్ వరదల్ని హైదరాబాద్ మర్చిపోయి ఉండొచ్చు. గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ మునిగిన ఆ రోజుల్ని మేం మర్చిపోలేదు. మా గల్లీలో నీళ్లు మంచం పట్టె దాకా వచ్చాయి. నడిచేవాళ్లు మిద్దెలెక్కారు. భాయీజాన్‌ని దుప్పట్లో వేసుకుని నలుగురు మోశారు. ఆ రాత్రి మిద్దె మీద ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నీళ్లు తీశాక అప్పు చేసి ఇంటి గచ్చు అడుగున్నర లేపించాడు. పాత ఇల్లు, కప్పు ఎత్తుగా ఉంది కాబట్టి సాధ్యమైంది.

గచ్చు లేస్తే గడప లేచింది. గల్లీలో అందరూ అదే చేశారు, అందరి గడపల ముందూ మెట్లొచ్చాయి. మనకు మెట్టయ్యేది భాయీజాన్‌కు గోడ. అందుకని ఇంటి గోడ వెంబడే పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో ర్యాంపు కట్టించుకున్నాడు. కొలతలు తెలిసినవాళ్లు ఇక్కడ ఆగి లెక్క కట్టొచ్చు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలి. అంటే అడుగున్నరకు పద్దెనిమిది అడుగులు. అరవై గజాల ఆ ఇంటి ముఖమే పదిహేనడుగులు! ఆయన కట్టుకున్నది నిటారు వాలు. ఎక్కేటప్పుడు వెనకనుంచి ఒకరు తొయ్యాలి. అయినా అది ఆయన వాకిలి.

నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అని 2017లో తెలంగాణ అసెంబ్లీలో బిల్లు పాసయింది. నోటీసులో ఉర్దూ లేదు సరే, తెలుగూ లేదు. చదివి చెప్పమని మమ్మల్ని పిలిచారు. రెండు భాషల్లో వార్తలు రాసుకునేవాళ్లం గదా! 'ఎన్‌క్రోచ్‌మెంట్' అన్న మాట దగ్గర మా నోరు ఆగింది. ఉర్దూలో చెప్పినా తెలుగులో చెప్పినా కబ్జా అనే చెప్పాలి. చెప్పాం. భాయీజాన్ నవ్వాడు. "కబ్జాయా? నేనా? కబ్జాకు కాళ్లుండాలి గదరా!" అన్నాడు. ఆపా మాత్రం నవ్వలేదు. పాతబస్తీ మీద ఆ మాట ఎన్నేళ్లుగా పడుతోందో ఆమెకు తెలుసు.

విచారణకు రమ్మన్నారు. టౌన్ ప్లానింగ్ సెక్షన్ రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, దాని నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అప్పటినుంచి ఐదేళ్లలో ప్రజలు వచ్చిపోయే పాత భవనాలన్నిటినీ వికలాంగులకు అందుబాటులోకి తేవాలని అందులోని 45వ సెక్షన్. 2022 జూన్‌తో గడువు అయిపోయింది. చట్టం ప్రకారం ర్యాంపు ఉండాల్సిన ఆఫీసులో ర్యాంపు లేదు, ఉన్నవాడి ఇంటికేమో నోటీసు! ఎవర్ని ఎవరు విచారించాలి? భాయీజాన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి మేం ఇద్దరం, ఒక అటెండరు కలిసి పైకి మోశాం. కాగితాలు కిందికి తెప్పిస్తే పోయేది. ఎవరికీ తోచలేదు.

అధికారి మా ప్రెస్ కార్డు చూసి "మీరు కూర్చోండి" అన్నాడు. మాకంటే ఆరేళ్లు పెద్దవాడైన భాయీజాన్‌తో "ఏం భాయ్, నువ్వు రోడ్డు మీద కట్టినవ్" అన్నాడు. మేం అడిగాం: అదే గల్లీలో ప్రతి ఇంటి మెట్లూ రెండున్నర మూడడుగులు రోడ్డు మీదికే ఉన్నాయి గదా, వాటికి నోటీసుల్లేవేం? "మెట్లు వేరు సార్. మెట్లు లేకపోతే ఇంట్లోకి ఎట్ల పోతారు?"

ఆ మాటను మేం ఈరోజుకీ నమలలేక, మింగలేక ఉన్నాం. ఆయన చెడ్డవాడేం కాదు. నిజంగానే ఆయన కంటికి మెట్టు కనిపించదు, ర్యాంపు కనిపిస్తుంది. నడిచేవాడి అవసరం ఇంట్లో భాగం. నడవలేనివాడి అవసరం ఇంటి బయట అదనంగా పెట్టుకున్న వస్తువు. ఇరుగుపొరుగు మెట్లు కూలగొట్టమని మేం అడగడం లేదు, ఆ పాపం మాకొద్దు. అదే చట్టం మాకూ అదే కన్నుతో చూడమంటున్నాం.

2016 చట్టంలోనే తగిన సర్దుబాటు చేయాలన్న మాట కూడా ఉంది, మూడో సెక్షన్‌లో. దాన్ని చూపించి దరఖాస్తు రాశాం. ముందు ఇల్లు నీదేనని రిజిస్ట్రీ కాగితం తెమ్మన్నారు. ఖాలా ఆ ఇల్లు నలుగురి ముందు నోటితో హిబా చేసి, తాళాలు కొడుకు చేతిలో పెట్టి పోయింది. ముస్లింల నోటి హిబా చెల్లుతుందని, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో కూడా చెప్పింది. "హిబా అంటే ఏంది?" అన్నాడు గుమస్తా. ఆ ఇంటి పన్ను భాయీజాన్ పేరు మీదే తీసుకుంటున్నది ఎవరు? పన్ను తీసుకునేటప్పుడు యజమాని, దరఖాస్తు పెట్టేటప్పుడు ఎవరో అనామకుడు.

2024 నవంబర్‌లో ఐదు రోజుల తేడాతో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. 8న వచ్చిన రాజీవ్ రతూరి కేసు తీర్పులో, అందుబాటు ప్రమాణాలు ఉత్త సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చేయమని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పు వెనక మన హైదరాబాద్ నల్సార్ వాళ్ల నివేదిక ఉంది. 13న బుల్డోజర్ల మీద తీర్పు: పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చొద్దు. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ జహంగీర్‌పురిలో కోర్టు ఆపమన్నాక కూడా బుల్డోజర్ నడవడం టీవీల్లో చూసినవాళ్లం, ఆ రోజు మా గల్లీలో మిఠాయి పంచుకున్నాం. తర్వాత తీర్పు మొత్తం చదివాం. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ మీద ఉన్న అక్రమ కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. మొదటి తీర్పు ప్రజలకు తెరిచి ఉన్న భవనాల గురించి. రెండోది గోడల లోపలి ఇంటి గురించి. భాయీజాన్ ర్యాంపు ఆ రెండింటి మధ్య మూడడుగుల జాగాలో పడిపోయింది.

నిరుడు ఒక పొద్దున వచ్చి కొట్టేశారు. ముప్పావు గంట పట్టింది. భాయీజాన్ లోపల ఉన్నాడు. సైకిలూ లోపలే ఉంది. పదకొండు రోజులు డబ్బా తెరవలేదు. బాగుచేయమని ఇచ్చిన గడియారాల కోసం జనం ఇంటికొచ్చి, మెట్టు లేని ఆ గడప కింద నిలబడి చేతులు చాచి తీసుకుపోయారు.

ఎవరి దగ్గరికి పోవాలి? మైనారిటీ నాయకుడొకాయన "ఇది వికలాంగుల సమస్య భాయ్" అన్నాడు. వికలాంగుల సంఘంలో పనిచేసే మిత్రుడు "అది పాతబస్తీ కబ్జాల గొడవ, మేం తలదూర్చలేం" అన్నాడు. మా అస్తిత్వం గురించి ఇన్ని పేజీలు రాసుకుంటున్నాం. అందులో కుంటివాడికి చోటుందా? మా మసీదుకు ఏడు మెట్లు. భాయీజాన్ జుమ్మా నమాజు ఇంట్లోనే చదువుకుంటాడు. 'మాజూర్‌కు మాఫీ ఉంది' అంటారు పెద్దలు. మాజూర్ అంటేనే మినహాయింపు పొందినవాడు. మినహాయింపు ఆయన అడిగాడా? ర్యాంపు కడదామని ఒక్క కమిటీ మీటింగులో అయినా అనుకున్నామా? మునిసిపాలిటీని తిట్టే మా నోటికి ఆ ఏడు మెట్లూ కనిపించలేదు. ఆ అధికారి కళ్లూ మా కళ్లూ ఒకటే అయ్యాయి గదా!

ర్యాంపు తిరిగి కట్టుకోవడానికి అనుమతి కావాలని మళ్లీ దరఖాస్తు పెట్టాం, ఈసారి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉర్దూలోనూ. రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు. మసీదు కమిటీకి కూడా ఒక కాగితం ఇచ్చాం. వాళ్లు రసీదు కూడా ఇవ్వలేదు. ప్రస్తుతానికి ఎదురింటి కుర్రాళ్లు పొద్దున్నే ఒక చెక్క పలక తెచ్చి గడపకు ఆనిస్తున్నారు. భాయీజాన్ సైకిలు దిగాక దాన్ని తీసి లోపల పెడుతున్నారు. వానొస్తే జారుతుంది, ఆరోజు డబ్బా బంద్.