గుంట రెండున్నర కోట్ల ఏరియా మనకెందుకు?

పోస్టు జర పొడుగున్నది. పొద్దుగూకినంక తీరుబాటుగా చదవండి. కోపమొచ్చినా సరే, ఆఖరు దాకా చదివినంకనే తిట్టండి.

పోయిన వారం మా ఊర్ల ఒక పిల్లగాని పెండ్లి మాటలకు నన్ను కూడా పెద్దమనిషిగా తీసుకపోయిండ్రు. పిల్లగాడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ నౌకరి చేస్తడు. తండ్రికి నాలుగెకరాల భూమి, రెండు బోర్లు, ఎకరంనర బత్తాయి తోట ఉన్నయి. పిల్ల తరఫోళ్లు తోట సంగతి అడగలేదు, బోర్ల నీళ్లు ఎంత పోస్తయని అడగలేదు. చాయ్ తాగుకుంట అడిగింది ఒక్కటే. "సిటీల ఇల్లు ఏ ఏరియాల ఉన్నదండి?"

లేదని చెప్పినం. "పోనీ కొనే ఆలోచనన్న ఉన్నదా? కొండాపూర్, గచ్చిబౌలి దిక్కైతే బాగుంటది" అన్నరు. వాపస్ వస్తుంటె బండిల ఆ తండ్రి ఒక్క మాట మాట్లాడలేదు. మూడో రోజు పొద్దుగాల నా దగ్గరికొచ్చి, "బాపూ, మూడెకరాలకు గిరాకీ ఉంటె చెప్పు" అన్నడు. ఈ పోస్టు ఆయన కోసమే రాస్తున్న. అసొంటోళ్లు మన నల్లగొండల, పాలమూరుల ఊరికి పది మంది ఉన్నరు కాబట్టి అందరికీ రాస్తున్న.

నేను చెప్పేది ఒక్కటే. పేరున్న ఏరియాల ఇంటి ధర ఇంటిది కాదు, ఆడ దొరికే జీతానికి దగ్గరగా ఉండే సౌలతుది. ఆ జీతం తీసుకునేటోడు దాని కోసం పైసలు పెడితె అర్థమున్నది. ఆ జీతం మీద బతకని రైతు, భూమి అమ్మి ఆ ధర కడితె, తను ఎక్కని బస్సుకు టికెట్ కొన్నట్టే.

లెక్కల్లకు పోదాం. కోకాపేట నియోపొలిస్ జాగలను హెచ్ఎండీఏ వేలం వేసింది. 2021ల ఎకరానికి ఎక్కువల ఎక్కువ 60 కోట్ల 20 లక్షలు పలికింది. 2023 ఆగస్టుల 100 కోట్ల 75 లక్షలకు పోయింది. 2025 అక్టోబరుల రాయదుర్గం కాడ ప్రభుత్వ జాగ ఎకరం 177 కోట్లు పలికింది. పేపర్ల ఇవి చదివినప్పటి సంది మన పిల్లగాండ్లకు నిద్ర పడతలేదు.

మన తీరుగ గుంటల్ల చెప్పుకుందాం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. వంద కోట్ల ఎకరమంటె గుంట రెండున్నర కోట్లు, గజం రెండు లక్షల పైన. రాయదుర్గం రేటుకైతే గుంట 4 కోట్ల 42 లక్షలు. మన గొడ్ల కొట్టం కూడా గుంట జాగల పట్టదు.

ఈ రేటుకు కొన్నది ఎవరు? పెద్ద పెద్ద కంపెనీలు. వాళ్లకెట్ల గిట్టుతది? హైదరాబాద్‌ల 2006 సంది జాగను బట్టి ఇంతే కట్టాలె అనే హద్దు తీసేసిండ్రు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగ, ఫైరు, విమానాల పర్మిషన్లు సరిపోతె నలభై, యాభై అంతస్తులు లేపుకోవచ్చు. కంపెనీ వంద కోట్లు పెట్టి ఎకరం కొని, ఆ ధరను రెండు వందల మంది నెత్తిన పంచి ఏస్తది. అది కొనేది జాగ, మనకు అమ్మేది గాలిల కట్టిన అర్రలు. వాని లెక్క వేరు, మన లెక్క వేరు.

మరి ఫ్లాటు కొన్నోనికి భూమి ఏమొస్తది? దస్తావేజుల 'అవిభాజ్య వాటా' అని ఒక లైను ఉంటది, యూడీఎస్ అంటరు. మనోళ్లు ఎవరూ చదవరు. బిల్డింగు ఎత్తు పెరిగిన కొద్ది ఒక్కొక్కరి వాటా చిన్నగైతది. నలభై అంతస్తుల టవర్ల మూడు బెడ్‌రూముల ఫ్లాటుకు ఇరవై ముప్పై గజాలు వచ్చుడే కష్టం. అంటే గుంటల నాలుగో వంతు. అది కూడా ఈడున్నదని కట్టె పాతి చూపించుకునేది కాదు. మూడెకరాలంటె 120 గుంటలు. 120 గుంటలు ఇచ్చి పావు గుంట తెచ్చుకునుడు ఏం బేరం, మీరే చెప్పండి.

భూమికి ముసలితనం రాదు, బిల్డింగుకు వస్తది. ముప్పై ఏండ్లకు లిఫ్టులు, పైపులు, గోడలు అన్ని పాతగైతయి. అప్పుడు మిగిలేది ఆ పావు గుంట వాటానే.

ఇగ కిరాయి సంగతి. 80 లక్షల ఫ్లాటు అనుకుందాం. నెలకు 24, 25 వేలు కిరాయి వస్తదనుకో, ఏడాదికి మూడు లక్షల లోపే. అదే ఫ్లాటుకు 60 లక్షలు లోను పెడితె, ఎనిమిదిన్నర వడ్డీకి, ఇరవై ఏండ్లకు, నెలకు దగ్గర దగ్గర 52 వేలు కిస్తు. మొత్తం కట్టేది కోటి ఇరవై ఐదు లక్షలు. పాతిక వేలకు ఉండనిచ్చే ఇంటికి 52 వేలు ఎందుకు కట్టాలె? మిగతా 27 వేలు దేనికి? రేపు ఇంకొకడు వచ్చి ఇంకా ఎక్కువకు కొంటడన్న ఆశకు. ఆశకు కిస్తులు కట్టుడు జీతగానికే బరువు. రైతుకు అది ఉరితాడైతది.

ఇది నోటి మాట కాదు, మా ఇంట్ల జరిగిందే. కల్వకుర్తి దిక్కు మా బావ ఒకాయన నాలుగేండ్ల కింద మూడెకరాలు అమ్మిండు. ఎకరం 35 లక్షల లెక్కన కోటి ఐదు లక్షలు వచ్చినయి. కొడుకు నౌకరికి దగ్గర ఉంటదని కొండాపూర్ దాపుల 95 లక్షలకు ఫ్లాటు కొన్నడు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం లెక్కన ఏడు లక్షల పైన పోయినయి. కబోర్డులు, ఫ్యాన్లు పెట్టుకునేసరికి పైసలు అయిపోయినయి, ఇంకో రెండు లక్షలు అప్పు మిగిలింది. పాలు పొంగిచ్చిన నాడు నేను కూడా పోయిన. పన్నెండో అంతస్తు బాల్కనీల నిలబడి "మనోళ్లు ఎవరన్న ఈడిదాంక వచ్చిండ్రా బామ్మర్దీ" అన్నడు. ఆ రోజు ఆయన మొఖంల సంబురం చూసి నేను కూడా ఏమనలేదు. అప్పుడే అనకపోతినని ఇప్పటికీ బాధపడుత.

రెండేండ్లు తిరగకముందే కొడుకుకు బెంగుళూరుల నౌకరి వచ్చింది, పోయిండు. ఫ్లాటు కిరాయికిచ్చిండ్రు. నెలకు 24 వేలు వస్తయి. నడుమ నడుమ ఖాళీగ ఉండుడు, రంగులు, రిపేర్లు, ఇంటి పన్ను పోను ఏడాదికి రెండున్నర లక్షలు చేతికి వస్తే గొప్ప. అవి కొడుకు బెంగుళూరు కిరాయికి కూడా సరిపోతలేవు. మా బావ ఇప్పుడు ఊర్లనే ఉన్నడు. తను అమ్మిన చెలక పక్కన రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టిండు. యాభై ఆరేండ్ల వయసుల, సొంత గట్టు మీద నడిచిన మనిషి, మంది గట్టు మీద నడుస్తున్నడు.

భూమితో ఇంకేం పోయినయో కూడా చూడండి. పాసుబుక్కు పోయింది. ఎకరానికి ఏడాదికి 12 వేల రైతు భరోసా పోయింది. పాసుబుక్కు మీద వచ్చే పంట లోను పోయింది. అన్నిటికన్న ముఖ్యంగ రైతు బీమా పోయింది. 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు ఎట్ల సచ్చినా ఇంటోళ్లకు 5 లక్షలు వచ్చేది, ఇప్పుడు మా అక్కకు ఆ ధీమా లేదు. కౌలు రైతుకు ఈ సర్కారు పథకాలు ఎంత అందుతయో మీకు నేను చెప్పాల్నా? ఫ్లాటు పేపర్ల మీద ఇవేవీ రావు.

ఇగ మీరు అడగబోయేది నాకు తెలుసు.

"ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ దిక్కు ఇరవై ఏండ్ల కింద కొన్న మనోళ్లు కోటీశ్వరులైరి కదా" అంటరు. నిజమే, కాదంటలేను. మన నల్లగొండోళ్లు బస్సు దిగే కాడ, మెట్రో రాకముందు, కంపచెట్లు ఉన్నప్పుడు కొన్నరు. అయితే వాళ్లు కొన్నది రెండు వందల గజాల జాగ, గాలిల ఫ్లాటు కాదు. ఏరియాకు పేరు రాకముందు కొన్నరు, వచ్చినంక కాదు. చానా మంది జీతాల పైసలతోటి కొన్నరు, ఉన్న పొలం అమ్మి కాదు. ఏరియాకు పేరు వచ్చినంక కొనేటోడు, ముందు కొన్నోనికి లాభం కట్టిస్తున్నట్టు.

"ఎవుసంల మాత్రం ఏం మిగులుతున్నది?" అంటరు. ఇది గట్టి ప్రశ్న, దాటేయ. మూడెకరాల పత్తిల కూలీలు, మందులు, విత్తనాలు పోను మిగిలేది చూస్తె కోటి రూపాయల మీద అది వడ్డీ కాదు, చిల్లర. కొన్నేండ్లు అది కూడా రాదు. కానీ ఫ్లాటు కిరాయి కూడా చిల్లరనే. రెండు చిల్లరలు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు, ఒకదాని కింద 120 గుంటల మన్ను ఉన్నది, ఇంట్ల తినే బియ్యం ఉన్నది, పాడి ఉన్నది, బీమా ఉన్నది. రెండోదాని కింద పావు గుంట వాటా ఉన్నది. గచ్చిబౌలికి రోడ్డు వచ్చినట్టే రీజినల్ రింగ్ రోడ్డు పేరుతోటి చౌటుప్పల్, ఆమనగల్లు దిక్కు భూముల మాటలు కూడా ఎట్ల మారుతున్నయో చూస్తనే ఉన్నం. వాళ్లకు రేటు పెరిగితె అభివృద్ధి, మనకు పెరిగితె అమ్ముకునే తొందర. ఎందుకట్ల?

"మంచి బడి, మంచి దవాఖాన, నౌకర్లు అన్ని ఆడనే ఉన్నయి" అంటరు. ఉన్నయి. పిల్లలు పోవాలె, ఉండాలె, సంపాదించాలె. కానీ బడి కావాలంటె ఆ ఏరియాల ఉండాలె గాని, ఏరియాను కొనాల్సిన పని లేదు. అదే అపార్టుమెంటుల కిరాయికున్నోని పిల్లలు కూడా అదే బడికి పోతరు.

అసలు ఆ ఏరియాలకు ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చింది? నేనుండేది దేవరకొండ దిక్కు. మా దాపున అక్కంపల్లి రిజర్వాయరు ఉన్నది. సాగర్ కాడ లేపిన కృష్ణ నీళ్లు అక్కంపల్లికి వచ్చి, కోదండాపురంల శుద్ధి అయి, నూరు కిలోమీటర్ల మీద పైపుల పోతయి హైదరాబాద్‌కు. 2004 సంది పోతున్నయి. మన మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను చూసినోళ్లం మనం. సిటీకి మన దిక్కు నుంచి కృష్ణ పోతది, మన దిక్కుకు సిటీ నుంచి మూసీ వస్తది. ఇంత చేసినా ఎండకాలం వచ్చిందంటె ఆ కోట్ల ఫ్లాట్ల ముందట ట్యాంకర్లు లైను కడుతయి. ఆ టవర్లకు సిమెంటు కలిపింది, రాళ్లు మోసింది మన పాలమూరు లేబరు. నీళ్లు మనయి, చెమట మనది. ఆఖరికి భూమి కూడా అమ్మి పైసలు మనమే తీస్కపోయి ఇస్తే, ఇగ మనకు మిగిలేదేంది?

ఇంకొకటి. మన ఊర్ల శిఖం భూమి అంటే చిన్న పిల్లగానికి కూడా తెలుసు. చెరువు నిండితె మునుగుతది, అండ్ల ఎవడూ ఇల్లు కట్టడు. సిటీల దానికే 'లేక్ వ్యూ' అని పేరు పెట్టి ఎక్కువ రేటు తీసుకుంటరు. 2020 అక్టోబరుల వాన పడ్డప్పుడు మనోళ్లు ఎక్కువుండే సరూర్‌నగర్, హయత్‌నగర్ దిక్కు కాలనీలల్ల నీళ్లు ఎన్ని రోజులు నిలిచినయో మన చుట్టాలను అడగండి. 2024ల హైడ్రా వచ్చినంక ఎఫ్‌టీఎల్ అనే మాట అందరి నోట్ల నానింది. మనకది కొత్త కాదు, మన తాతలు శిఖం అన్నదే.

అట్లని సిటీల ఎవరూ ఇల్లు కొనొద్దని నేను అంటలేను. మొగుడు పెండ్లాం ఇద్దరు ఆడనే నౌకరి చేస్తూ, పదేండ్లు ఆడనే ఉంటమన్న నమ్మకముండి, సొంత జీతాలల్ల మూడో వంతు దాటకుండ కిస్తు కట్టగలిగితె కొనుక్కోనీయండి. కానీ నాలుగు మాటలు యాదుంచుకోండి.

ఒకటి, కొడుకు ఇల్లు కొడుకు జీతంతోటి. తండ్రి భూమి దానికి పునాది రాయి కావొద్దు.

రెండు, యూడీఎస్ ఎన్ని గజాలో అడగకుండ అడ్వాన్సు ఇయ్యొద్దు. అడిగితె నసిగేటోని కాడ కూసోవద్దు.

మూడు, 'ప్రీ లాంచ్, సగం ధర' అని వచ్చేటోనికి దండం పెట్టి పంపండి. ఎనిమిది ఫ్లాట్లకు మించినా, ఐదు వందల చదరపు మీటర్ల జాగకు మించినా రెరా నంబరు లేకుండ అమ్ముడు చట్టం ప్రకారం తప్పు.

నాలుగు, ఊరి నక్ష తీసి చూడండి. కుంట, చెరువు, వాగు, కాలువ ఏడున్నయో చూసుడు మనకంటె బాగ ఎవరికి వస్తది? సిటీ కూడా ఒకప్పటి ఊర్లే కదా.

ఆఖరుకు ఆ పెండ్లి సంగతి. తండ్రి వచ్చిన నాడు ఆయనకు ఇదంతా చెప్పలేదు, ఒక్కటే చెప్పిన. "మళ్ల ఏ ఏరియా అని అడిగితె, మాది ఏరియా కాదు, నాలుగెకరాలని చెప్పు. కిరాయి మా పిల్లగాడు కడుతడు, భూమి మేం కాపాడుతం, రేపు మీ బిడ్డ పేరు మీదికే వస్తదని చెప్పు. దానికి కూడా ఒప్పుకోకపోతె వాళ్లు అల్లుని కోసం వచ్చినోళ్లు కాదు, ఫ్లాటు కోసం వచ్చినోళ్లు" అన్న.

ఆయన ఇంకా ఆలోచన చేస్తుండు. గిరాకీ సంగతి మాత్రం మళ్ల అడగలేదు. మీ ఊర్ల ఆ పరేషాన్‌ల ఉన్న తండ్రి ఎవరన్న ఉంటె, పొలం కాడికి పోయి గట్టు మీద కూసోబెట్టి ఈ గుంటల లెక్క ఒకసారి చెప్పండి. అమ్మినంక చెప్తే ఏం లాభం లేదు.