కేబుల్ తీసేద్దామా? నెట్ పెట్టె పెట్టుకుందామా?



ఈమధ్య మా కూర్మన్నపాలెంలో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే కూరగాయల ధరల తర్వాత మాట్లాడుకునేది టీవీ ఖర్చు గురించే. "మా అబ్బాయి కేబుల్ దండగంటున్నాడు వదినా, ఏదో చిన్న పెట్టె పెట్టుకుంటే అన్నీ అందులోనే వస్తాయట" అని ఒకరు. "ఆ పెట్టె పెట్టాక మా అత్తగారికి సీరియల్ కనిపించక రోజూ గొడవేనమ్మా" అని ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఎవరింటికి ఏది నప్పుతుందో కాగితం మీద లెక్క వేసుకుంటే గానీ తెలియదు. ఈ వారం మనం ఆ లెక్కే వేసుకుందాం.

ముందు కేబుల్ సంగతి

మన చిన్నతనంలో డాబా మీద యాంటెనా, శుక్రవారం చిత్రలహరి, అంతే టీవీ. 1995లో ఫిబ్రవరిలో జెమినీ, ఆగస్టులో ఈటీవీ మొదలయ్యాక ఇంటింటికీ నల్ల వైరు వచ్చింది. అప్పట్లో కేబుల్ అబ్బాయి నెల మొదట్లో చిన్న పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చేవాళ్ళం. లెక్క అక్కడితో సరి.

తర్వాత ప్రభుత్వం డిజిటల్ కేబుల్ అంది. మన విశాఖపట్నం రెండో విడతలో వుంది, 2013 మార్చి 31 గడువు. అప్పుడే అందరం సెట్ టాప్ బాక్సులు పెట్టుకున్నాం. 2019లో ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. చూసే చానళ్ళకే డబ్బు కట్టమంది. 100 చానళ్ళకి 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు. డబ్బు చానళ్ళు కావాలంటే ఆ పైన విడిగా గానీ, గుత్తగా ప్యాకేజీలో గానీ తీసుకోవాలి. 2020 మార్చి నుంచి అదే 130కి 200 చానళ్ళు ఇవ్వాలన్నారు. 2024 జులైలో 130కి మించకూడదన్న పరిమితిని ట్రాయ్ ఎత్తేసింది. అందుకే ఇప్పుడు ఈ వీధిలో ఒక ధర, పక్క వీధిలో ఇంకో ధర. మీ బిల్లు ఒకసారి తెప్పించుకుని చూడండి. ఎప్పుడూ పెట్టని భాషల చానళ్ళు, ఆటల చానళ్ళు ప్యాకేజీలో వుంటే తీయించెయ్యండి. ఏ కొత్త పెట్టే కొనకుండానే కొంత మిగులుతుంది.

ఈ పెట్టె అంటే ఏమిటి?

కేబుల్లో చానల్ వాళ్ళు ఏ వేళకి ఏది వేస్తే అది చూస్తాం. నెట్ పెట్టెలో మనం అడిగింది ఇంటర్నెట్ మీంచి అప్పటికప్పుడు వస్తుంది. వంట పని వల్ల సీరియల్ తప్పిపోతే రాత్రి పదింటికి పెట్టుకోవచ్చు. మధ్యలో పాలు పొంగితే ఆపి వెళ్ళి రావచ్చు.

ఇందులో నాలుగు రకాలున్నాయి. ఒకటి, టీవీలోనే నెట్ వుండే స్మార్ట్ టీవీ. అది వున్నవాళ్ళకి వేరే పెట్టె అక్కరలేదు. రెండు, పాత టీవీ వెనక గుచ్చే చిన్న స్టిక్. అమెజాన్ వాళ్ళ ఫైర్ టీవీ స్టిక్ మన దేశానికి 2017లో వచ్చింది. మీ టీవీ వెనక హెచ్‌డీఎంఐ అనే సందు వుంటేనే అది పనికొస్తుంది. లావుపాటి పాత టీవీలకి ఆ సందు వుండదు, కొనేముందు చూసుకోండి. మూడు, నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీయే ఇచ్చే బాక్సు. నాలుగు, మన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ బాక్సు.

ఈ నాలుగోదాని గురించి రెండు మాటలు చెప్పాలి. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ వైరు లాగి ఊరూరికీ తీసుకెళ్ళారు. దాని ముఖ్య కేంద్రం మన విశాఖలోనే పెట్టారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దాన్ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే నెట్టు, ఫోను, 250 చానళ్ళు అంటే ఆ రోజుల్లో అందరం ఆశ్చర్యపోయాం. ఆ ధర ఇప్పుడు లేదు, పెరిగింది. అయినా ఒకే వైరు మీద మూడూ ఇవ్వవచ్చని మామూలు ఇళ్ళకి చూపించింది అదే. ఆ కనెక్షన్ ఇంటికి ఇచ్చింది కూడా కేబుల్ ఆపరేటర్లే.

అసలు లెక్క ఇక్కడుంది

"పెట్టె ఒకసారి కొంటే చాలు, ఇక ఖర్చు లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. పెట్టె ఖర్చు ఒక్కసారిదే. దాని వెనక నెలనెలా రెండు ఖర్చులుంటాయి.

మొదటిది నెట్. నెలకి 400 రూపాయల ప్లాన్ అనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 472. ఫోనులో వుండే నెట్‌తో సరిపెడదామంటే కుదరదు. మామూలు బొమ్మకి గంటకి దాదాపు ఒక జీబీ, స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకి గంటకి 3 జీబీ దాకా ఖర్చవుతుంది. ఫోనులో రోజుకి 2 జీబీ వుంటే హెచ్‌డీలో గంట కూడా రాదు. రోజుకి 4 గంటలు చూసే ఇంటికి నెలకి 360 జీబీ అవుతుంది. అంటే ఇంటికి వైరు నెట్ వుండాల్సిందే.

రెండోది యాప్‌లు. మన ఆడవాళ్ళు జాగ్రత్తగా చూడవలసింది ఇదే. కేబుల్లో అన్ని చానళ్ళూ ఒకే బాక్సులో, ఒకే బిల్లులో వస్తాయి. నెట్ పెట్టెలో అలా కాదు. జెమినీ వాళ్ళవి సన్ నెక్స్ట్‌లో, స్టార్ మా వాళ్ళవి జియో హాట్‌స్టార్‌లో, జీ తెలుగు వాళ్ళవి జీ5లో, ఈటీవీ వాళ్ళవి ఈటీవీ విన్‌లో వుంటాయి. కొత్త సినిమాలు ఆహాలో కొన్ని, ప్రైమ్‌లో కొన్ని, నెట్‌ఫ్లిక్స్‌లో కొన్ని. మధ్యాహ్నం ఒక చానల్లో, సాయంత్రం ఇంకో చానల్లో, రాత్రి మూడో చానల్లో సీరియల్ చూసే ఇంటికి మూడు యాప్‌లు కావాలి. అన్నిటికీ చందాలు కడితే కేబుల్ బిల్లు దాటిపోతుంది. వార్తలకి మాత్రం ఖర్చు లేదు. తెలుగు వార్తా చానళ్ళు చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ఉచితంగానే వస్తున్నాయి.

అందుకని ఇలా చూసుకోండి.

పిల్లల చదువుకో, ఆన్‌లైన్ పనికో ఇంట్లో ఇప్పటికే వైరు నెట్ వుందనుకోండి. ఆ ఖర్చు ఎలాగూ పెడుతున్నారు కాబట్టి కొత్తగా అయ్యేది పెట్టె, ఒకటో రెండో యాప్‌లు. వీళ్ళకి కేబుల్ తీసేస్తే లాభమే.

నెట్ లేదు, చూసేది సీరియళ్ళు, వార్తలు, భక్తి కార్యక్రమాలు మాత్రమే అనుకోండి. వీళ్ళకి కేబులే చవక. మారొద్దు.

ఊళ్ళో పెద్దవాళ్ళు ఒంటరిగా వుంటూ కాసేపు వార్తలు, పాటలు చూస్తే చాలనుకుంటే దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ వుంది. 2004 నుంచి నడుస్తోంది. ఒకసారి డిష్షు, బాక్సు కొనుక్కుంటే నెలనెలా కట్టేదేమీ లేదు. సప్తగిరి, యాదగిరి వస్తాయి. డబ్బు చానళ్ళ సీరియళ్ళు మాత్రం రావు. ఆ సంగతి ముందే చెప్పి పెట్టించండి.

ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?

నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే అనిపిస్తుంది. మా పేటలో చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీలు. యాప్ తీసుకున్నది వాళ్ళ ఫోను నంబరు మీద. మధ్యాహ్నం టీవీ పెడితే "మళ్ళీ లాగిన్ అవ్వండి, ఓటీపీ కొట్టండి" అంటుంది. ఓటీపీ వెళ్ళేది బి షిఫ్టులో వున్న ఆయన ఫోనుకి. పని మీద వున్న మనిషి ఫోను తియ్యడు. ఇంట్లో డబ్బు కట్టిన టీవీ వుండి కూడా ఆయన వచ్చేదాకా నల్ల తెర చూస్తూ కూర్చోవాలి.

ఇది టీవీతో పోయే మాట కాదు. కేబుల్ డబ్బులు మన చేత్తో ఇచ్చేవాళ్ళం. ఏ ప్యాకేజీ కావాలో గుమ్మంలో నిలబడి మనమే చెప్పేవాళ్ళం. పెట్టె వచ్చాక డబ్బులు ఆయన బ్యాంకు ఖాతాలోంచి వాటంతటవే పోతాయి. ఏది వుంచాలో ఏది తీసెయ్యాలో ఆయనో, పిల్లలో చూస్తారు. ఎంత పోతోందో మనకి తెలియదు. ఇంటి ఖర్చు మన చేతుల్లోంచి ఇలా ఒక్కొక్కటే జారిపోతుంటే రేపు బడ్జెట్ ఎలా వేస్తాం? కాబట్టి అక్కచెల్లెళ్ళూ, పెట్టె పెట్టించేటప్పుడే యాప్‌లు మీ ఫోను నంబరు మీద తీసుకోమనండి. చందా మీ ఖాతాలోంచి మీరే కట్టండి. మొదటిసారి చెయ్యడం రాకపోతే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెప్తుంటే మీ చేత్తో చెయ్యండి. వాళ్ళకి ఫోను ఇచ్చేస్తే ఎప్పటికీ రాదు.

ఇంకో సంగతి. "ఆటోపే" అని ఒకటుంటుంది. ఒకసారి ఒప్పుకుంటే గడువు అయినప్పుడల్లా డబ్బు దానంతటదే పోతుంది. 15,000 రూపాయల లోపు చందాలకి ప్రతిసారీ ఓటీపీ అడగరు. కానీ డబ్బు తీసే 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన వుంది. ఆ మెసేజీలు చూడకుండా కొట్టెయ్యకండి. అక్కర్లేని యాప్ వుంటే అప్పుడే ఆపించుకోవచ్చు.

పెద్దవాళ్ళూ, పిల్లలూ

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మధ్యాహ్నం నుంచి ఆవిడకి టీవీయే తోడు. "నాకివన్నీ ఒద్దమ్మా, రెండంకెలు నొక్కితే నా సీరియల్ రావాలి, అంతే" అంటారు. నిజమే కదా! కేబుల్ రిమోట్‌లో అంకెలుంటాయి. స్టిక్ రిమోట్‌లో బాణాలుంటాయి, తెర మీద బొమ్మల వరసలుంటాయి. కళ్ళు సరిగా కనిపించని వాళ్ళకి అది కష్టం. నోటితో చెబితే వెతికిపెట్టే మీట చాలా రిమోట్లలో వుంటుంది. ఆ మీట మీద ఎర్ర బొట్టు బిళ్ళ అంటించండి. పెద్దవాళ్ళు చూసే యాప్‌ని మొదటి వరసలో మొదటి స్థానంలోకి జరపండి. వారం రోజులు పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పండి. అప్పటికీ రాకపోతే పంతానికి పోయి కేబుల్ తీసెయ్యకండి. నెలకి ఆ కాస్త డబ్బు ఆదా చేసి, పెద్దావిడని గోడ చూస్తూ కూర్చోబెట్టడం ఏం న్యాయం?

పిల్లల విషయం దీనికి ఎదురు. కేబుల్లో సీరియల్ అరగంటకి అయిపోతుంది. యాప్‌లో ఒకటి అవగానే రెండోది దానంతటదే మొదలవుతుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపవచ్చు, ఆపెయ్యండి. పిల్లల పేరు మీద వేరే ప్రొఫైల్ పెట్టి, పెద్దవాళ్ళ ప్రొఫైల్‌కి నాలుగంకెల పిన్ పెట్టండి. ఆ పిన్ మీ పెళ్ళి సంవత్సరం మాత్రం పెట్టకండి, పిల్లలు మొదట కొట్టి చూసేది అదే!

మోసాలతో జాగ్రత్త

"రెండు వేలకి పెట్టె, జీవితాంతం అన్ని చానళ్ళూ, అన్ని సినిమాలూ ఉచితం" అని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. అది దొంగసొత్తు. పైగా ఇలాంటి పేరూ ఊరూ లేని పెట్టెల్లో కొన్నిటిలో ముందే వైరస్ వుంటోందనీ, అవి ఇంటి నెట్‌లోకి దొంగలకి దారి ఇస్తున్నాయనీ అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. అదే నెట్ మీద మన ఫోన్లో బ్యాంకు యాప్ కూడా వుంటుంది, మరిచిపోకండి.

పెట్టె బిగించాక "యాక్టివేషన్ ఫీజు కట్టండి" అని ఫోను వస్తే పెట్టెయ్యండి. కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతికి ఫోన్ చెయ్యకండి, దొంగ నంబర్లు చాలా వుంటాయి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

గాలివాన మాట

సముద్రం పక్కన వున్నవాళ్ళం, ఇదీ చూసుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాలు, వైర్లు, డిష్షులు తేడా లేకుండా పడిపోయాయి. కేబులైనా ఫైబరైనా స్తంభం మీద వైరే. నెట్ పెట్టెకైతే టీవీ ఒక్కటే కాదు, రూటర్‌కి కూడా కరెంటు వుండాలి. తుపాను రోజుల్లో వార్తలకి బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఇంట్లో వుంచుకోండి. దానికి చందా లేదు, ఓటీపీ లేదు.

మామూలు రోజుల్లో రాత్రి పడుకునేముందు పెట్టెని గోడ స్విచ్ దగ్గరే ఆపండి. పది వాట్ల పెట్టె రోజంతా వెలుగుతూ వుంటే నెలకి 7 యూనిట్ల పైన అవుతుంది.

కేబుల్ అబ్బాయిని ముందు అడగండి

చివరగా ఒక్క మాట. పాతికేళ్ళుగా వానలో స్తంభమెక్కి మన వైరు కలిపిన మనిషి వున్నాడు. వీధిలో ఇళ్ళు ఒక్కొక్కటే తీసేస్తుంటే వాళ్ళ ఇంట్లోనూ ఒక ఆడమనిషి బడ్జెట్ వేసుకుంటూ వుంటుంది. జాలికొద్దీ అక్కర్లేనిది పెట్టుకోమని నేననను. చాలామంది ఆపరేటర్లు ఇప్పుడు నెట్ కూడా ఇస్తున్నారు. కంపెనీ మనిషిని పిలిచేముందు ఇతన్నీ ధర అడగండి. నెట్ పోతే వచ్చి బాగుచేసేవాడు ఎవరో, ఎన్ని గంటల్లో వస్తాడో ఇద్దరినీ అడిగి, తేల్చుకుని డబ్బు కట్టండి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకండి. మూడు నెలలకి కట్టి చూడండి.

మా ఇంట్లో ప్రస్తుతానికి చిన్న కేబుల్ ప్యాకేజీ అత్తగారి కోసం, ఒక్క యాప్ మా అందరి కోసం. ఆ యాప్ నా ఫోను నంబరు మీదే వుంది. మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. కాగితం మీద ఒకపక్క కేబుల్, ఒకపక్క నెట్టు రాసి, కింద మొత్తం వెయ్యండి. పక్కనే ఇంట్లో ఎవరు ఏ వేళకి ఏం చూస్తారో కూడా రాయండి. ఆ రెండూ చూస్తే జవాబు మీకే దొరుకుతుంది.

వచ్చే వారం వేసవి వడియాలు, చల్ల మిరపకాయల సంగతులతో కలుసుకుందాం. అంతవరకు సెలవు.