వార్డెన్ సంతకం మా సంతకం కాదు

  పోస్టు పెద్దదే. మెస్ బెల్లు కొట్టేలోపు అవ్వదు. అయినా ఓపిక పట్టి చదవండి, తిట్టాలనుకున్నోళ్లు చదివాకే తిట్టండి.

పోయిన వారం విశాఖలో మా హాస్టల్‌కి ఒక టీం వచ్చింది. ఏ హాస్టలో, ఏ టీమో రాయట్లేదు, ఎందుకో మీకు తెలుసు. ఐస్ బాక్స్, సూదులు, ట్యూబులు పట్టుకొచ్చారు. సికిల్ సెల్ మీద స్టడీ అన్నారు. "ఇంకొన్ని రక్తానికి సంబంధించిన విషయాలు" కూడా చూస్తామన్నారు. ఆ ఇంకొన్ని ఏటో చెప్పలేదు. వార్డెన్ సారు హాజరు పట్టీ లాంటి కాగితం ఒకటి తిప్పారు. సీరియల్ నంబరు, పేరు, గ్రూపు, సంతకం. పైన ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ఇంటర్ పిల్లల తరఫున తానే పెట్టేస్తానన్నారు. "మీ అందరికీ ఇక్కడ గార్డియన్ని నేనే కదరా" అన్నారు, ప్రేమగానే అన్నారు. జ్యూస్ ప్యాకెట్లు కూడా ఉన్నాయి.

మేం ఎనిమిది మందిమి సంతకం పెట్టలేదు. మూడే మూడు అడిగాం. ఈ రక్తంతో ఏం చూస్తారు? రిపోర్టు మాకిస్తారా? మిగిలిన రక్తం ఎక్కడ దాస్తారు? వచ్చినాయన చిరాకు పడకుండా నవ్వి ఒక మాట అన్నాడు: "ఇది ట్రయల్ కాదమ్మా, శాంపిల్ మాత్రమే."

ఆ మాట దగ్గరే మా ఒళ్లు మండింది. ఎందుకో చెప్పాలంటే భద్రాచలం దగ్గరికి వెళ్లాలి. జూనియర్లలో చాలామందికి ఈ సంగతి తెలీదు. మాకూ డిగ్రీకి వచ్చాకే తెలిసింది.

2009 జూలై. అప్పటికింకా ఒకే రాష్ట్రం. ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. దాదాపు 14 వేల మందికి. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్‌తోను, రాష్ట్ర ప్రభుత్వంతోను కలిసి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మెర్క్ కంపెనీ గార్డసిల్. గుజరాత్‌లో వడోదర జిల్లాలో ఇలాగే ఇంకో కంపెనీ టీకా వేశారు. ఖమ్మంలో ఆ పిల్లల్లో చాలామంది మనలాగే ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్నోళ్లు. కార్డుల మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు ఉండేది. ఆ గుర్తు చూశాక ఏ తల్లయినా ఏమనుకుంటుంది? పోలియో చుక్కల్లాగ ఇదీ సర్కారు టీకాయే అనుకుంటుంది.

మొత్తం రెండు రాష్ట్రాల్లో ఏడుగురు పిల్లలు చనిపోయారు, అందులో ఐదుగురు మన దగ్గర. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. తర్వాత కమిటీ వేసి చూస్తే ఒక లెక్క బయటపడింది. ఆంధ్రలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు.

2,763. ఆ అంకె ఇంకోసారి చూడండి. ఒక్కో అంకె వెనక ఒక పిల్ల ఉంది, ఆ పిల్లకి ఎక్కడో గూడెంలో అమ్మా నాన్నా ఉన్నారు. వాళ్లని అడిగినోడు లేడు.

ఇప్పుడు ఎదుటోళ్లు ఏమంటారో మాకు తెలుసు, దాచిపెట్టం. ఆ ఏడు చావులకీ టీకాకీ సంబంధం లేకపోవచ్చని విచారణ కమిటీ 2011లో చెప్పింది. నీళ్లలో మునగడం, పురుగుమందు, పాముకాటు, మలేరియా, ఇలాంటి కారణాలు రాశారు. ఒప్పుకుందాం. టీకా మంచిదే అని కూడా ఒప్పుకుందాం. లోకమంతా వేసుకుంటున్నారు, మన దేశంలోనే సీరం కంపెనీ ఇప్పుడు తయారు చేస్తోంది. అయితే? మంచి మందు కాబట్టి అడక్కుండా పొడిచేయొచ్చా? అదే టీకా సీతమ్మధారలో ఒక ఇంజినీర్ గారి అమ్మాయికి వేయాలంటే ముందు వాళ్లమ్మని కూర్చోబెట్టి చెప్తారు, ఆవిడ పది ప్రశ్నలు వేస్తుంది, డాక్టరు పదింటికీ జవాబు చెప్తాడు. మా అమ్మకైతే వార్డెన్ చాలు. ఈ తేడా గురించే మా గొడవంతా, టీకా గురించి కాదు.

ఇంకోటి. ఆ ప్రాజెక్టు నడిపినోళ్లు కూడా "ఇది క్లినికల్ ట్రయల్ కాదు, ప్రదర్శన ప్రాజెక్టు, పరిశీలన అధ్యయనం" అన్నారు. పేరు మారిస్తే రూల్సు తప్పుతాయి కదా. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో ఆ వాదన ఒప్పుకోలేదు, అది ట్రయలేననీ, హక్కుల ఉల్లంఘన జరిగిందనీ గట్టిగానే రాసింది. అందుకే మొన్న "ట్రయల్ కాదమ్మా" అన్న మాట వినగానే మాకు ఖమ్మం గుర్తొచ్చింది.

అంగీకారం సరిగ్గా తీసుకోకపోతే నష్టం ఆ రోజుతో పోదు. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో ఇంకో పెద్ద హెచ్‌పీవీ పరిశోధన కూడా మధ్యలో ఆగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో చాలాచోట్ల చేస్తున్నది. రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని చూడాలనుకున్నారు. ఆపేసేసరికి కొందరు పిల్లలకి ఒక్క డోసే పడింది. వాళ్లని వదిలేయకుండా పదేళ్ల పైన గమనిస్తే, ఒక్క డోసు కూడా బాగానే కాపాడుతోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలని చెప్పడానికి ఆధారమైన వాటిలో అదొకటి. అంటే పరిశోధన విలువ మాకు తెలీక కాదు మాట్లాడుతున్నది. తెలిసే మాట్లాడుతున్నాం. ఆ రోజు ఖమ్మంలో తల్లుల్ని సరిగ్గా అడిగి ఉంటే గొడవే లేకపోను. ఇప్పుడు మన ఊళ్లలో క్యాన్సర్ టీకా అంటే "భద్రాచలం సూదా?" అంటారని మన అక్కలే, ఆశా వర్కర్లుగా చేస్తున్నోళ్లు, చెప్తున్నారు. ఆ భయానికి రేపు ప్రాణం పెట్టేది ఎవరు? మన అమ్మలే.

ఇక రెండో వైపు. ఈ గ్రూపులోనే కొందరు అన్నలు మెసేజ్ పెట్టారు: "ఎవడొచ్చినా రక్తం ఇవ్వొద్దు, మనోళ్లని ఎలకల్లాగ చూస్తారు, తరిమేయండి." అన్నా, మీ కోపం మాకు అర్థమవుతుంది. కానీ మీ మాట మేం ఒప్పుకోం.

మలేరియానే తీసుకోండి. మన్యంలో పుట్టినోళ్లకి దాని గురించి పాఠం అక్కర్లేదు. వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా 14 రోజులు ప్రిమాక్విన్ మాత్రలు ఇస్తారు. మన ఆదివాసీల్లో కొందరికి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ. వాళ్లు ఆ మాత్ర వేసుకుంటే ఎర్రకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లటీ రంగులో వస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి ఎలా తెలిసింది? రకరకాల మనుషుల మీద చూస్తేనే తెలిసింది. మనల్ని చూడకుండా, పట్నం మనుషుల మీద మాత్రమే పరీక్షించిన మందు మన పీహెచ్‌సీకి వస్తే, దాని మంచి చెడ్డ మొదట తెలిసేది మన ఒంటి మీదే. అప్పుడు దానికి కాగితం ఉండదు, డాక్టరు పక్కన ఉండడు, పరిహారమూ ఉండదు.

సికిల్ సెల్ కూడా అంతే. 2023 జూలైలో కేంద్రం మిషన్ పెట్టింది, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించి 2047 నాటికి లేకుండా చేస్తామని. మంచిదే. ఈ జబ్బుకి వోక్సెలోటర్ అని కొత్త మందు అమెరికాలో 2019లో వచ్చింది. 2024 సెప్టెంబరులో ఫైజర్ దాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది, తర్వాత చేసిన పరిశోధనల్లో చావులు ఎక్కువ కనపడ్డాయని. పరిశోధన ఆగకుండా సాగింది కాబట్టే ఆ ప్రమాదం బయటపడింది. కాబట్టి అన్నా, తరిమేస్తే పని అవ్వదు. కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ దగ్గర ఒక పూట కూర్చోండి. పాడేరు ఘాట్ దిగి, చింతపల్లి నుంచి, ముంచంగిపుట్టు నుంచి అంబులెన్సులో వచ్చినోళ్లని చూడండి. వాళ్ల జబ్బులకి కొత్త వైద్యం వద్దని చెప్పే హక్కు మనకెవరిచ్చారు? కోవిడ్ టైంలో కోవాక్జిన్ ట్రయల్‌కి ఐసీఎంఆర్ ఎంచుకున్న 12 ఆసుపత్రుల్లో ఆ కేజీహెచ్ కూడా ఉంది. ఈ ఊళ్లో ట్రయళ్లు జరుగుతాయి, ఇంకా జరుగుతాయి. మనం ఉండాలా వద్దా అన్నది కాదు, ఎలా ఉండాలన్నదే లెక్క.

రక్తం ఎక్కడ దాస్తారని అడిగితే నవ్వినాయనకి ఒక కథ చెప్పాలనుంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయి అని చిన్న తెగ ఉంది. 1990ల్లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు షుగర్ జబ్బు మీద అని చెప్పి వాళ్ల రక్తం తీసుకున్నారు. తర్వాత చూస్తే అదే రక్తంతో మానసిక జబ్బుల మీద, ఆ తెగ పూర్వం ఎక్కడ్నుంచి వలస వచ్చిందన్న దాని మీద కూడా పని చేశారు. వాళ్ల నమ్మకం ప్రకారం వాళ్లు పుట్టింది ఆ లోయలోనే. కోర్టుకెళ్లారు. 2010 ఏప్రిల్‌లో, సరిగ్గా ఖమ్మం ప్రాజెక్టు ఆగిన నెలలోనే, యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేసింది. వాళ్ల పెద్దలు ఆ రక్తాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఆ మాట చదివి మేం చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు.

మన దేశంలో రూల్సు లేవా అంటే ఉన్నాయి. 2017 ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాల్లో ఆదివాసీలని, విద్యార్థుల్ని ప్రత్యేకంగా కాపాడాల్సిన వాళ్లలో చేర్చారు. మనం రెండూ. పెద్దలో, అధికారులో ఒప్పుకున్నా సరే, మనిషి సొంత అంగీకారం విడిగా ఉండాల్సిందే. 18 నిండని వాళ్లకి తల్లిదండ్రుల అంగీకారంతో పాటు పిల్లల ఇష్టం కూడా అడగాలి. చదువు రానోళ్లకి సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకి బయటోళ్లు, అందులో ఒక సామాన్యుడు. ఆ సామాన్యుడి కుర్చీలో ఇన్నేళ్లలో మన మనిషి ఎవరైనా కూర్చున్నారా అని మేం అడుగుతున్నాం. ఇన్ని రూల్సు ఉండి కూడా మా దగ్గరికి వచ్చేసరికి హాజరు పట్టీ!

వార్డెన్ సారు అన్నదాంట్లో ఒక నిజం ఉంది. "మీ అమ్మానాన్నల్ని ఎక్కడ్నుంచి తెస్తాన్రా, ఫోనే కలవదు" అన్నారు. నిజమే, మాలో కొందరి ఊళ్లకి సిగ్నల్ లేదు. కొందరి అమ్మలకి కువి వస్తుంది, కొందరికి ఆదివాసీ ఒడియా, తెలుగు సంత వరకే. కష్టమే. కానీ ఫీజు రీయింబర్స్‌మెంటుకి అమ్మ వేలిముద్ర కావాల్సినప్పుడు మమ్మల్ని బస్సెక్కించి పంపుతారు కదా? అప్పుడు దూరం అడ్డం రాలేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప ఎక్కినోళ్లం మేం. ఇంట్లో అందరి కాగితాలూ చదివి చెప్పేది మేమే. మా కాగితం మాత్రం మేం చదవకూడదా?

తర్వాత ఏమైందంటే, ఆ టీం రక్తం తీయకుండానే వెళ్లిపోయింది. రెండు రోజులకి మళ్లీ ఫోన్ చేసి తెలుగులో సమాచార పత్రం పంపారు, నాలుగు పేజీలు. మిగిలిన రక్తం "భవిష్యత్ పరిశోధనలకు" వాడొచ్చని మూడో పేజీలో ఉంది. ముందే అడిగింది అదే కదా! దానికి వేరే టిక్కు పెట్టే గడి కావాలని, వద్దంటే రక్తం పారేయాలని, సికిల్ సెల్ రిపోర్టు ఎవరిది వాళ్లకే చేతికివ్వాలని రాసి పంపాం. జవాబు ఇంకా రాలేదు. వస్తే, సరిగ్గా ఉంటే, మేం ఎనిమిది మందిమీ చెయ్యి చాపుతాం.

ఇంటర్ పిల్లల పత్రాలు ఈ శనివారం పాడేరు, అరకు బస్సులకి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపుతున్నాం. కువిలో చదివి వినిపించడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. ఆదివాసీ ఒడియాకి ఇంకా మనిషి కావాలి, గ్రూపులో ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి. మీ హాస్టల్‌కి కూడా ఇలాంటి టీం వస్తే సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, అన్ని పేజీలూ, ముఖ్యంగా మూడోది.