పీచు దాటితే చాలదు: వాణిజ్య సరళీకరణ – కోనసీమ కొబ్బరి

ఒకే పరిశ్రమకు చెందిన సరుకులను ఒక దేశం ఎగుమతి చేస్తూ, దిగుమతి కూడా చేసుకోవడాన్ని పరిశ్రమాంతర్గత వాణిజ్యం అంటారు. దీనిని కొలవడానికి గ్రూబెల్, లాయిడ్ 1975లో వెలువరించిన గ్రంథంలోని సూచిక నేటికీ వాడుకలో ఉంది. ఎగుమతి, దిగుమతుల విలువ సమానమైతే సూచిక గరిష్ఠం; వాణిజ్యం ఏకపక్షమైతే సున్న. సుంకాలు తగ్గితే ఈ సూచిక పెరుగుతుందనీ, కార్మికులు పరిశ్రమ మారనక్కరలేదు కనుక సర్దుబాటు సులభమనీ సరళీకరణ సమర్థకుల వాదన. కోనసీమ కొబ్బరి విషయంలో ఈ వాదనను యథాతథంగా అంగీకరించడం తగదు.

భారత్–శ్రీలంక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2000 మార్చిలో అమలులోకి వచ్చింది. 2001 ఏప్రిల్ నాటికి దిగుమతులపై పరిమాణాత్మక ఆంక్షలు చాలావరకు తొలగిపోయాయి. కొబ్బరి తురుము పొడిని మన దేశం ఎగుమతి చేస్తుంది, దిగుమతి కూడా చేసుకుంటుంది. ‘కొబ్బరి ఉత్పత్తులు’ అని అన్నింటినీ ఒకే పద్దులో కలిపితే వాణిజ్యం ద్విముఖంగానే కనిపిస్తుంది. పద్దును విడదీస్తే అసలు ప్రశ్న ఎదురవుతుంది: ఏ మెట్టు మీది సరుకు బయటకు పోతోంది?

అంబాజీపేట, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కాయ ఒలిచిన తరువాత మిగిలే డొక్కే పీచు పరిశ్రమకు ముడిసరుకు. భారతీయ పీచుకు చైనా ప్రధాన కొనుగోలుదారు. పీచు బేళ్లుగానే తరలిపోతే పరుపు, చాప, తాడు తయారీలోని కూలి, లాభం మరొక చోట మిగులుతాయి. పొట్టును కడగకుండా అమ్మినా అంతే. అదే పొట్టు లవణాలు పోయేలా కడిగి, దిమ్మెలుగా కట్టితే హరితగృహాలకు సాగు మాధ్యమంగా పై మెట్టు ధర పొందుతుంది.

సుంకాలు పెంచడమే పరిష్కారమని కొందరంటారు. దిగుమతి సుంకం ఎండుకొబ్బరి ధరకు కొంత అండ కావచ్చు. కానీ విదేశీ విపణికి వెళ్లే పీచు నాణ్యతను అది పెంచలేదు. తలుపు మూయడం కన్న మెట్టు ఎక్కడం ముఖ్యం.

ఈ పనిలో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర పెద్దది. డొక్కలో మట్టి, ఇసుక చేరకుండా నిల్వ చేయడం, పీచులో తేమ తగ్గించడం, పొట్టు విద్యుత్ వాహకతను పరీక్షించి అమ్మడం గ్రామ స్థాయిలో నేర్పదగిన పనులు. ఎగుమతికి పనికిరాని పొట్టులో కర్బన–నత్రజని నిష్పత్తి చాలా ఎక్కువ; దానిని నేరుగా పొలంలో వేయక, కుళ్లబెట్టి ఎరువుగా మార్చాలి. విద్యార్థులు ఎగుమతి టన్నులతో తృప్తి పడక, కిలో ఒక్కింటికి లభించిన విలువను లెక్కించాలి. ఆ విలువ పెరగనంత కాలం, సూచిక ఎంత పెరిగినా కోనసీమ రైతుకు, పీచు కూలీకి ఒరిగేది స్వల్పం.