పాత కంప్యూటర్ చచ్చిందని చెప్పే ముందు మూత విప్పి చూసిండ్రా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపికతో చదవండి. కోపంతోని రాస్తున్న, ఎక్కడన్న మాట తూలితే పెద్దలు మన్నించాలె.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు టౌన్లల్ల ఏదన్న రిపేరు షాపుకు పాత సీపీయూ పట్టుకపోయి "అన్నా, నెట్ ఓపెన్ చేస్తే దానంతటదే మూసుకపోతుంది" అని చెప్పి చూడండి. స్క్రూ డ్రైవర్ చేతిలకు తీసుకోకుండనే జవాబొస్తది. "ఇది అయిపోయింది తమ్మీ, ఇంకెన్నేండ్లు వాడ్తవ్? కొత్తది తీసుకో, ఈఎంఐ పెట్టిస్త." నాడి పట్టకుండ చావు చీటీ రాసిచ్చే డాక్టర్ దగ్గరికి మనం పోతమా? పోము. మరి ఈ మాటను మాత్రం తలకాయ ఊపి ఎందుకు నమ్ముతున్నం?

అందరు షాపులోళ్లు అసొంటోళ్లే అనను. మిర్యాలగూడలో ఒకాయన నా ముందలనే ర్యామ్ పీకి, రబ్బరుతోని రుద్ది, మళ్లీ పెట్టి చూపించి, పైసలు కూడ తీసుకోలే. నాకు సగం పని అట్లనే వచ్చింది. కానీ ఆయనొక్కడు.

పోయినేడు మా చిన్నాయిన బిడ్డకు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్. ర్యాంకు పర్వాలేదు, వెబ్ ఆప్షన్లు మంచిగ పెట్టుకుంటే మంచి కాలేజీ వస్తది. ఇంట్ల ఒక పాత కంప్యూటర్ ఉన్నది. కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. చిన్నాయిన హైదరాబాద్‌ల వాచ్‌మన్ పని చేసినప్పుడు ఆ ఆఫీసోళ్లు తీసేస్తుంటే తక్కువకు కొని తెచ్చిండు. పిల్ల ఇరవై కాలేజీలు ఎంచుకునేలోపు బ్రౌజర్ పోతుంది. మళ్లీ లాగిన్, మళ్లీ మొదట్నుంచి, మళ్లీ పోతుంది. రెండు రాత్రులు ఇట్లనే. మూడో రోజు చిన్నాయిన దాన్ని బస్సుల ఒళ్లె పెట్టుకొని టౌనుకు పోతే, స్క్రాప్ కింద వెయ్యి రూపాయలు కడ్తమన్నరు, కొత్తది ముప్పై అయిదు వేలన్నరు. ఆయన ఇంటికి రాకుండ సీదా మిత్తికి పైసలిచ్చేటాయన దగ్గరికి పోయిండు. నూటికి మూడు రూపాయలు. నాకు ఫోన్ రావడం ఒక్క గంట లేటయితే కాగితం మీద వేలిముద్ర పడేది.

నేను పోయి మూత విప్పిన. లోపల ఫ్యాన్ కనపడ్తలేదు, దుమ్ము కనపడ్తుంది. సీ డ్రైవ్‌ల ఖాళీ జాగ 300 ఎంబీ కూడ లేదు, అంతా సినిమాలు. బ్రౌజర్‌ల ఎవరో పీడీఎఫ్ కన్వర్టర్ అని, వీడియో డౌన్‌లోడర్ అని ఏవేవో ఎక్స్‌టెన్షన్లు ఎక్కించి పెట్టిండ్రు. ర్యామ్‌కు రెండు స్లాట్లుంటే ఒకటి ఖాళీ. దుమ్ము దులిపి, సినిమాలు పెన్‌డ్రైవ్‌లకు మార్చి, ఎక్స్‌టెన్షన్లు తీసేసి, సెకండ్‌హ్యాండ్‌ల ఇంకో 2 జీబీ ర్యామ్ వేసి, ఫైర్‌ఫాక్స్ పెట్టిన. మొత్తం ఖర్చు 450 రూపాయలు, అండ్ల 50 నా బస్ కిరాయి. ఆ రాత్రే పిల్ల ఆప్షన్లన్నీ పెట్టి సేవ్ చేసింది.

450కు, 35 వేలకు నడుమ ఉన్న తేడా ఏంది? చిన్నాయిన రెండెకరాల ఒక పంట. దాన్ని ఆయన నుంచి గుంజబోయింది దొంగతనం కాదు, తెలియనితనం. నా కొట్లాట దాని మీదనే.

"బ్రౌజర్ క్రాష్ అయితుంది" అనే ఒక్క మాట కింద మనం వేర్వేరు రోగాలను కలిపేస్తున్నం. జ్వరం అంటే ఒక్కటే జ్వరమా? ముందుగాల చూడాల్సింది, పోయింది ఏంది అని. ఒక్క పేజీ పోయిందా, బ్రౌజర్ మొత్తం పోయిందా, కంప్యూటరే ఆగిపోయిందా?

ఒక్క పేజీ తెల్లగయ్యి, ఏడుపు మొఖం బొమ్మ వచ్చి, పక్క ట్యాబులు బాగనే ఉంటే చాలాసార్లు అది జాగ చాలక. క్రోమ్ లాంటి బ్రౌజర్లు దాదాపు ప్రతి ట్యాబును వేరే ప్రోగ్రాం లెక్క నడుపుతయి. ఒకటి కూలితే మిగతావి కూలొద్దని అట్ల కట్టిండ్రు, మంచిదే. కానీ ప్రతిదానికి వేరే ర్యామ్ కావాలె. 2 జీబీల విండోస్ తన పాలు తాను తీసుకున్నంక మిగిలిందాంట్ల పది ట్యాబులు పెడితే, ఒక్క రూములో పది కాపురాలు పెట్టినట్టే. క్రోమ్‌ల షిఫ్ట్, ఎస్కేప్ రెండు మీటలు కలిపి ఒత్తితే టాస్క్ మేనేజర్ వస్తది. ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మింగుతుందో అండ్ల లెక్క కనపడ్తది. పెద్దగ మింగేదాన్ని అక్కడ్నే ఆపొచ్చు. ఫారం నింపేటప్పుడు అదొక్కటే ట్యాబు ఉంచాలె. యూట్యూబ్ పాటలు ఆ గంట బంద్ పెడితే మునిగేదేం లేదు.

సీ డ్రైవ్ నిండినా ఇదే రోగం. ర్యామ్ చాలనప్పుడు విండోస్ హార్డ్‌డిస్క్‌ల కొంత జాగను ర్యామ్ లెక్క వాడుకుంటది. ఆ జాగ కూడ లేకపాయె, ఇంక ఎక్కడికి పోతది? కూలుతది. అయిదారు జీబీలన్న ఎప్పుడూ ఖాళీ ఉంచండి.

బ్రౌజర్ మొత్తం టక్కున మాయమైతే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదికి, లేదంటే గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి పోవాలె. ఫైర్‌ఫాక్స్ అయితే షిఫ్ట్ మీట ఒత్తి పట్టి ఓపెన్ చేయండి, ట్రబుల్‌షూట్ మోడ్ అడుగుతది. అండ్ల మంచిగ నడిస్తే దొంగ ఆ రెండిట్లనే ఉన్నట్టు. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి ఒక్కొక్కటి పెట్టుకుంట పోతే దొరుకుద్ది. సెట్టింగ్స్‌ల హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఒకటి ఉంటది, పాత మిషన్లల్ల అది తీసేస్తేనే శాంతి. రెండు యాంటీవైరస్‌లు పెట్టుకున్నోళ్లు ఒకటి తీసేయాలె. అవి ఒకదాన్నొకటి కాపలా కాసుకుంట మనల్ని సంపుతయి.

కంప్యూటరే ఆగిపోతేనో, నీలం తెర వస్తేనో పాపం బ్రౌజర్ తప్పు లేదు. బ్రౌజర్ బరువు పని కాబట్టి అది నడిచినప్పుడు అసలు రోగం బయటపడ్తుంది, అంతే. మన దిక్కు దుమ్మును తక్కువ అంచనా వేయకండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక దుమ్ము, మేళ్లచెర్వు, మఠంపల్లి దిక్కు సిమెంటు దుమ్ము. మనం పీల్చేదే అది కూడ పీలుస్తది. ఫ్యాన్ తిరగక ప్రాసెసర్ కాలితే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతది. ప్లగ్ పీకి, మూత తీసి, పెయింట్ బ్రష్‌తోని మెల్లగ దులపండి. ర్యామ్ తీసి ఆ పసుపు గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, గట్టిగ నొక్కి పెట్టండి. అప్పటికి ఆగకపోతే విండోస్‌లనే మెమొరీ డయాగ్నస్టిక్ ఉంటది, రాత్రి పెట్టి పండుకుంటే పొద్దున ర్యామ్ సంగతి చెప్తది.

ఇంకొకటి, ఇది క్రాష్ కాదు గని మనోళ్లు దాన్నీ క్రాష్ అనే అంటరు. ఏ సైటు తెరిచినా "ఇది సురక్షితం కాదు" అని వస్తుంటే గడియారం దిక్కు చూడండి. తేదీ 2009 అని ఉంటది. మదర్‌బోర్డు మీద గుండ్రటి సెల్ అయిపోయింది, దాని పేరు సీఆర్ 2032. ఆ సెల్ మార్చి, తేదీ సరిచేస్తే అయిపాయె. దీనికోసం కంప్యూటర్ అమ్ముకున్నోళ్లను నేను చూసిన.

ఇప్పుడు అసలు కోపం. మిషన్ మంచిగున్నా దాన్ని ముసలిది చేస్తున్నది ఎవరు? విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న చేతులెత్తేసింది. గూగుల్ విండోస్ 7, 8.1కు క్రోమ్ 109తోని ఆపేసింది, అది 2023 జనవరిల వచ్చింది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 పెట్టుకుందామంటే టీపీఎం 2.0 చిప్ కావాలె, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలె. అంటే నిన్నటిదాకా మంచిగ నడిచిన కంప్యూటర్ ఒక తారీఖు నాడు పనికిరానిదైపోయింది. తుప్పు పట్టలే, కాలిపోలే. ఎక్కడో కూర్చొని తేదీ రాసిండ్రు. వాళ్లకు అదొక వ్యాపార లెక్క. మా చిన్నాయినకు అది మూడు రూపాయల మిత్తి.

సైట్లు కట్టేటోళ్లు వీళ్లకు తోడు. మన ఫోటో 50 కేబీ దాటొద్దంటరు, సంతకం 30 కేబీ దాటొద్దంటరు. కేబీలు తగ్గించుకోలేక మనం నెట్ సెంటర్ చుట్టూ తిరుగుతం. మరి వాళ్ల పేజీ? ఉరికే బ్యానర్లు, కదిలే బొమ్మలు, అన్నీ కలిపి ఎన్ని ఎంబీలు! పది గడులున్న ఒక ఫారానికి అంత బరువెందుకు? మధ్యల సేవ్ బటన్ ఎందుకు ఉండదు? దీని మీద మన విద్యార్థి సంఘాలు వినతిపత్రం ఇవ్వాలె. హాస్టల్ మెస్ చార్జీల మీద ఇచ్చినట్టే దీని మీద కూడ ఇవ్వాలె. అర్హత ఉండి, మార్కులుండి, పేజీ ఊడిపోయి స్కాలర్‌షిప్ పోతే అది అన్యాయం కాదా?

"ఫోన్ ఉంది గదా అన్నా, కంప్యూటర్ ఎందుకు" అంటున్న తమ్ముళ్లకు ఒక మాట. ఫోన్‌ల నువ్వు చూస్తవ్, కంప్యూటర్‌ల నువ్వు చేస్తవ్. యాభై కాలేజీలను వరుసలో పైకీ కిందికీ జరిపి పెట్టాలంటే ఆరు అంగుళాల తెర మీద కండ్లు పోతయి. టైపింగ్, ఎక్సెల్, కోడింగ్ ఫోన్ మీద నేర్చుకోని పోటీ పరీక్షలకు పోతవా? ఆన్‌లైన్ పరీక్షల మౌస్ పట్టుకొని చెయ్యి వణికిన మనోళ్లు ఎంతమంది లేరు?

నెట్ సెంటర్ అంటరా, అవసరానికి నేనూ పోత. కానీ మన ఆధార్, పాస్‌వర్డ్, ఓటీపీ వాళ్ల చేతుల పెడ్తున్నం. అక్కడి బ్రౌజర్‌ల లాగిన్ సేవ్ అయిపోతే, మన తర్వాత కుర్చీల కూర్చునేటోడు మన ఆప్షన్లు మార్చినా మనకు తెల్వది. సీటు వచ్చిన్నాడు తెలుస్తది.

ఇక దారి. విండోస్ 7ను క్రోమ్ వదిలేసినంక కూడ ఫైర్‌ఫాక్స్ తన 115 ఈఎస్ఆర్ వెర్షన్‌కు భద్రతా అప్‌డేట్లు ఇచ్చుకుంట వచ్చింది. అందుకే మా చెల్లెకు అది పెట్టిన. కానీ అది వానకు కప్పిన తాటిపత్రి లాంటిది, ఇల్లు కాదు. 64 బిట్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కుతది, 4 జీబీ అయితే హాయిగ నడుస్తది. ఉచితం. లోపలున్న విండోస్‌ను ముట్టకుండ పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడొచ్చు, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. ఎక్కించే ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు వేరే దాంట్ల దాచుకోవాలె, మర్చిపోతే తర్వాత నన్ను తిట్టొద్దు. ఇదేదో పేదోళ్లకు పడేసే సరుకని అనుకునేటోళ్లు కేరళ చూడండి. అక్కడి సర్కారు బడులల్ల పిల్లలు నేర్చుకునేది లినక్స్ మీదనే, కైట్ అనే ప్రభుత్వ సంస్థ దాన్ని నడిపిస్తది. మన దగ్గర స్వేచ్ఛ అనే సంస్థోళ్లు తెలుగులనే లినక్స్ తయారు చేసిండ్రు. మనకు తెల్వకపోవడమే తక్కువ.

లేనిపోని ఆశ కూడ పెట్టను. 512 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియం 4తోని ఇయ్యాల్టి సైట్లు తెరవడం కష్టం, దాన్ని వదిలేయండి. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బితే ఖర్చు దండగ. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద, పాత క్రోమ్ మీద బ్యాంకు పని అస్సలు చేయకండి. వేలిముద్ర మిషన్లు కొన్ని లినక్స్‌ల పనిచేయవు, ఆ పని ఉన్నోళ్లు విండోస్ ఉంచుకోవాల్సిందే. నిజంగ కొత్తది కావాల్సినోళ్లు కొనుక్కోండి, నేను వద్దన్లే. చూసి, తెలుసుకొని కొనండి. ఎవడో అన్నడని కొనకండి.

వచ్చే కౌన్సెలింగ్ లోపల తండాకు ఒక్కలన్న ఈ పని నేర్చుకోవాలె, అక్కచెల్లెండ్లు ముందుకు రావాలె. ఆదివారాలు నేను ఖాళీ, పొద్దున తొమ్మిదింటి నుంచి ఇంటికాడనే ఉంట. సీపీయూ ఒక్కటే తెచ్చుకోండి, మానిటర్ మోసుకరావద్దు, నా దగ్గర ఉన్నది. బ్రష్, రబ్బరు, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నావి. మూత మాత్రం మీరే విప్పాలె.