శుక్రవారం వచ్చిన సహోదరుడు



మన సంఘస్థుడైన మెకానిక్ అన్న గత నెలలో ప్రభువునందు నిద్రించిన సంగతి మీకు తెలుసు. ఇంటివారు పేరు రాయవద్దన్నారు, మీకు ఎటూ తెలుసు గనుక రాయడం లేదు. జ్ఞాపకార్థ కూడికలో మేము అరగంట మాట్లాడాము. చివరలో, "ఆదివారం ఆరాధనకు క్రమంగా రాలేకపోయినా మంచి మనసున్నవాడు" అన్నాము. ముందు వరుసలో కూర్చున్న ఆయన పెద్దమ్మాయి ఆ మాటకు తల దించుకుంది. అది తప్పు మాట. అందరి ముందు అన్నాము గనుక అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నాము.

ఆయన షెడ్డు చాంద్రాయణగుట్ట దాటాక, హఫీజ్ బాబానగర్ పక్కన. పాతబస్తీలో చాలా దుకాణాలకు సెలవు శుక్రవారం. ఆదివారం షెడ్లు తెరిచే ఉంటాయి. ఉద్యోగస్థులు బండి తెచ్చేది ఆ రోజే. అందుకని ఆయన శుక్రవారం కల్వకుర్తి బస్సెక్కి, శ్రీశైలం రోడ్డు మీదుగా మన ఉపవాస ప్రార్థనకు వచ్చేవారు. పిల్లలకు బడి సెలవులైతే భార్యాబిడ్డలతో కలిసి. ప్రార్థన అయ్యాక జనరేటరో, మా మోపెడో, ఎవరింటి బోరు మోటారో చూసి సాయంత్రం బస్సుకు వెళ్ళేవారు. మన హాజరు పుస్తకంలో ఆదివారానికే గడి ఉంది, శుక్రవారానికి లేదు. పుస్తకం తిరగేస్తే ఆయన వరుసంతా ఖాళీలే.

ఆదివారం ఒక్కపూట షెడ్డు మూయలేడా అని పెద్దలు కొందరు అంటారు. మేమూ అన్నాము. "అయ్యగారూ, షెడ్డు కిరాయి, ఇద్దరు పిల్లగాళ్ళ కూలి" అని నవ్వి ఊరుకునేవారు. ఆయన వేసిన కానుక నోట్లకు గ్రీజు మరకలుండేవి. అది ఆదివారం సంపాదన అని మేము ఒక్క నోటూ వెనక్కి ఇవ్వలేదు.

ఆయన భక్తి చూడాలంటే షెడ్డుకు వెళ్ళాలి. బండిలో ఏ సామాను మార్చినా పాతదాన్ని పేపర్లో చుట్టి బండివాడి చేతికి ఇచ్చేవారు. అరిగిన క్లచ్ ప్లేటును వేలితో తడిమి చూసుకోమనేవారు. కార్బొరేటర్ కడిగితే పోయే జబ్బుకు ఇంజిను విప్పాలని ఎన్నడూ చెప్పలేదు. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. బండి గురించి ఏమీ తెలియనివాడు ఎదురుగా నిలబడ్డప్పుడు మెకానిక్ నోటిమాటే ఆ త్రాసు.

పక్క షెడ్డు వెల్డింగ్ చేసే ముస్లిం సోదరుడిది. అజాన్ వినబడితే మన అన్న రేజింగ్ ఆపేసేవారు. రంజాన్ నెలలో ఉపవాసమున్న పిల్లగాళ్ళ చేత మధ్యాహ్నం బరువులు ఎత్తించేవారు కాదు, ఇంజిను తానే దింపుకునేవారు. వాళ్ళకు ఆయన ఉస్తాద్. జనాజాకు వచ్చినట్టే ఆ వీధివాళ్ళు మన సమాధుల తోటకు వచ్చి, చివరి మట్టి వేసేదాకా నిలబడ్డారు.

2020 అక్టోబరు వరద మీకు గుర్తుండే ఉంటుంది. 13న కుండపోత, ఆ వారాంతంలోనే బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. 18 ఆదివారం. మన పుస్తకంలో ఆయనకు ఆ రోజు కూడా ఖాళీయే. మోకాలి లోతు నీళ్ళలో ఆయన ఇంటింటికీ తిరిగి ఒకటే చెప్పారట: "కిక్ కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు." సిలిండర్లో నీళ్ళుండగా స్టార్ట్ చేస్తే, గాలి నలిగినట్టు నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వందల్లో పోయేది వేలకు వస్తుంది. ముందు ప్లగ్ విప్పి నీళ్ళు బయటికి కొట్టాలి, సైలెన్సర్ వంచి దులపాలి, పాలు కలిసిన టీలాగా మారిన ఆయిల్ మొత్తం తీసేయాలి. వారం రోజులు అదే పని. ఆటోవాళ్ళ దగ్గర ఆయిల్ డబ్బులే తీసుకున్నారు. ఈ సంగతి మాకు చెప్పింది ఆయన కాదు, వెల్డింగ్ భాయ్, అదీ సమాధి దగ్గర.

అదే పాతబస్తీలో, బహదూర్‌పురాలో, సుధాకర్ గారి కార్ల మ్యూజియం ఉంది. మన సండే స్కూలు పిల్లలకు చూపించాము కూడా. చేతి పనితోనే ఆయన 2005లో అతిపెద్ద ట్రైసైకిల్‌కు గిన్నిస్ రికార్డు సాధించారు. సంతోషమే. మన అన్న చేసిన పని మాత్రం మర్నాడు రోడ్డెక్కి వెళ్ళిపోయేది, చూపించడానికి ఏమీ మిగలదు. నజరేతువాడు ముప్ఫై ఏళ్ళదాకా చేసిన నాగళ్ళు, తలుపులు కూడా ఎక్కడా మిగల్లేదు. వడ్లవాడని ఆయన్ను చిన్నచూపు చూసింది సొంత ఊరి సమాజమందిరంలో కూర్చున్నవాళ్ళే. మార్కు 6వ అధ్యాయం మరోసారి చదవండి. మేము ఈ నెలంతా చదువుతూనే ఉన్నాము.

వచ్చే నెల నుండి హాజరు పుస్తకంలో శుక్రవారానికి గడి గీస్తున్నాము. హోటళ్ళలో, ఆసుపత్రుల్లో, సెక్యూరిటీ డ్యూటీల్లో ఉన్న మన పిల్లలు ఏ రోజు రాగలరో పెద్దలు అడిగి రాయాలి. కమిటీలో దీనికి ఒప్పుకోనివారున్నారు, వారితో మాట్లాడతాము.

పెద్దమ్మాయి పనిముట్ల పెట్టె సర్దుతుంటే 12 నంబరు పానా కనబడలేదట. అది మా ఇంట్లోనే, బోరు మోటారు పక్కన ఉంది. చివరిసారి వచ్చినప్పుడు మరిచిపోయారు. ఈ శుక్రవారం మేమే బస్సెక్కి ఇచ్చి వస్తాము.